మెల్లగా పలికించడమే కష్టం: పాత పియానో తనంతట తాను వాయించుకోవాలంటే

పియానో అందుబాటులో ఉంటే ఒక చిన్న పని చేసి చూడండి. మధ్యలో ఏదో ఒక తెల్ల మెట్టు మీద వేలు పెట్టి, నిద్రపోతున్న పసిపిల్లకి దుప్పటి కప్పినంత మెల్లగా కిందిదాకా నొక్కండి. మెట్టు పూర్తిగా దిగుతుంది, శబ్దం మాత్రం రాదు. పాడైపోయిందేమో అనిపిస్తుంది కానీ పాడవలేదు. పియానో పనిచేసే తీరే అది.

పాత నిలువు పియానోకి కరెంటు వేళ్లు బిగించి దానిచేత పాట వాయించాలనుకునేవాళ్లు చాలామంది సరిగ్గా ఇక్కడే బోల్తా పడతారు. 88 మెట్లు, 88 విద్యుదయస్కాంతాలు, వాటిని నడిపే ఒక చిన్న బోర్డు. కాగితం మీద గీసుకుంటే ఇందులో ఏముంది అనిపిస్తుంది. నిజమే, ఠపాఠపా గట్టిగా మోగించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. జోలపాట వాయించమన్నప్పుడు అసలు కథ మొదలవుతుంది. కొన్ని స్వరాలు పలకవు, కొన్ని ఉలిక్కిపడేలా పలుకుతాయి. ఎందుకలా అవుతుందో అర్థం కావాలంటే ముందు మెట్టుకీ తీగకీ మధ్య ఏం జరుగుతుందో చూడాలి.

మెట్టు సుత్తిని విసురుతుంది

మెట్టు నొక్కితే సుత్తి వెళ్లి తీగని కొడుతుందని అనుకుంటాం. అది సగమే నిజం. (కబుర్లతో కొట్టే సుత్తి కాదు, కొసన ఫెల్ట్ అనే ఒత్తైన ఉన్ని గుడ్డ చుట్టిన చెక్క సుత్తి.) మెట్టు పిల్లల ఊగుడుబల్ల లాంటిది. మధ్యలో ఒక పిన్ను దగ్గర ఆనుకుని ఉంటుంది, ముందు కొస దిగితే వెనక కొస లేస్తుంది. అలా లేచిన కొస పైనున్న విప్పెన్ అనే చెక్కముక్కని ఎత్తుతుంది. విప్పెన్ మీద నిలబడ్డ జాక్ అనే చిన్న పుల్ల సుత్తి మొదలుని తోస్తుంది. సుత్తి తీగకి ఇంకా 3 మిల్లీమీటర్ల దూరంలో ఉండగా ఆ జాక్ పక్కకి తప్పుకుంటుంది. అక్కణ్ణించి సుత్తిని పట్టుకున్నవాళ్లు ఎవరూ లేరు. బంతి చెయ్యి దాటిపోయినట్టే.

జాక్ తప్పుకోకపోతే సుత్తి తీగకి ఆనుకునే ఉండిపోయి, పుట్టిన నాదాన్ని అక్కడికక్కడే నొక్కేస్తుంది. 1700 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లో బార్తొలొమేయో క్రిస్తొఫోరి తేల్చిన చిక్కు ఇదే. పియానో పుట్టుకే ఆ తప్పుకోవడంలో ఉంది.

దీనివల్ల తేలేదేమిటంటే, మెట్టుని ఎంత బలంగా, ఎంత లోతుగా నొక్కారన్నది తీగకి తెలియదు. దానికి తెలిసేది ఒక్కటే, జాక్ వదిలిన క్షణాన సుత్తి ఎంత వేగంతో ఉందన్నది. మెట్టు సుమారు 10 మిల్లీమీటర్లు దిగితే సుత్తి సుమారు 45 మిల్లీమీటర్లు ప్రయాణిస్తుంది, అంటే మెట్టు దగ్గర జరిగే ప్రతి చిన్న తేడా సుత్తి దగ్గర నాలుగున్నర రెట్లవుతుంది. వేగం కాస్త తగ్గితే సుత్తి తీగదాకా వెళ్లకుండానే వెనక్కి పడిపోతుంది. కాస్త పెరిగితే వినసొంపైన మెత్తటి స్వరం పలుకుతుంది. ఆ రెండింటికీ మధ్య తేడా వెంట్రుకవాసి. మనిషి వేలు ఆ తేడాని ఏళ్ల సాధనతో నేర్చుకుంటుంది. యంత్రానికి దాన్ని మనం అంకెల్లో చెప్పాలి.

గాలి చేసిన పని

కరెంటుకి ముందే ఈ పని గాలి చేసింది. 1895లో అమెరికాలో ఎడ్విన్ వోటీ తయారుచేసిన పియానోలా అసలు పియానో లోపల ఉండేదే కాదు. బీరువాలాంటి ఆ పెట్టెని పియానో ముందుకి తోస్తే, అందులోంచి పొడుచుకొచ్చిన వేళ్లు మెట్లని నొక్కేవి. తర్వాత ఆ సరంజామా అంతా పియానో లోపలికే చేరింది. చిల్లులు పొడిచిన కాగితపు చుట్ట రంధ్రాలున్న ఒక లోహపు పట్టీ మీదుగా జారుతూ పోతుంది. కాగితంలోని చిల్లు పట్టీలోని రంధ్రం మీదికి రాగానే గాలి లోపలికి దూరుతుంది, ఒక పల్చటి పొర లేస్తుంది, కవాటం తెరుచుకుంటుంది. ఆ స్వరానికి కట్టిన చిన్న తిత్తిలోని గాలిని పీల్చేయగానే తిత్తి ముడుచుకుని సుత్తిని కదుపుతుంది. కింద కాళ్లతో తొక్కే పెడల్స్ పుట్టించేది ఈ పీల్పునే. కొలిమితిత్తిలా ఊదడం ఇందులో లేదు.

మొదట్లో ఒక్కో కంపెనీది ఒక్కో కొలత. 1908లో బఫెలోలో తయారీదారులు కూర్చుని 11¼ అంగుళాల వెడల్పు కాగితం, 88 స్వరాల చుట్టకి అంగుళానికి 9 చిల్లులు అని ఒప్పందానికి వచ్చారు. ఎవరి చుట్ట అయినా ఎవరి పియానోలో అయినా మోగడం అప్పుడు కుదిరింది.

మెత్తదనం సంగతికొస్తే, గాలికి ఒక పుట్టుసుగుణం ఉంది. అది నలుగుతుంది. తిత్తి ఒక్కసారిగా గుద్దదు, దగ్గరికి లాక్కుంటుంది. పీల్పు తగ్గిస్తే స్వరం మెత్తబడుతుంది, పెంచితే గట్టిపడుతుంది. కానీ ఆ పీల్పు ఒక్కో మెట్టుకి విడివిడిగా ఉండేది కాదు. మంద్రస్థాయి సగానికొకటి, తారస్థాయి సగానికొకటి, అంతే. 1904లో వచ్చిన వెల్టె-మిన్యోన్ అనే యంత్రం కాగితం అంచుల్లో అదనపు చిల్లులు పెట్టి ఆ పీల్పుని కూడా దానంతటదే మారేట్టు చేసింది. 1905లో సంగీతకర్త గుస్టావ్ మాలర్ దానికోసం వాయించి వెళ్లాడు. అలాంటి పాత చుట్టల్ని ఇప్పుడు స్కాన్ చేసి, కంప్యూటరు చదవగలిగే మిడి ఫైళ్లుగా మారుస్తున్నారు కాబట్టి, రేపు మీరు అయస్కాంతాలు బిగించిన పియానో మీద కూడా మాలర్ వేళ్ల జాడ వినొచ్చు.

ఇక్కడ ఒక పక్కదారి తొక్కకుండా ఉండలేను. సినీతార హెడీ లామార్, సంగీతకర్త జార్జ్ యాంథైల్ కలిసి 1942లో ఒక అమెరికన్ పేటెంట్ పొందారు. శత్రువు అడ్డుపడకుండా టార్పీడోని రేడియోతో నడపాలంటే ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ దూకుతూ ఉండాలన్నది ఆలోచన. పంపేచోటా అందుకునేచోటా ఒకే లయలో దూకడానికి వాళ్లు వాడదలచింది పియానో చుట్టలాంటి చిల్లుల కాగితాన్నే. ఫ్రీక్వెన్సీలు ఎన్నంటే, 88.

మీకు దొరికిన పాత పియానోలో ఇలాంటి గాలి యంత్రాంగం ఇప్పటికే ఉంటే దాన్ని పీకేసి అయస్కాంతాలు పెట్టకండి. ఎండిపోయిన రబ్బరు గుడ్డ, పగిలిన గొట్టాలు మార్చి బతికించడం ఓపికతో కూడిన పనే, కానీ దారి తెలిసిన పని. అయస్కాంతాల కోసం మామూలు పియానోని వెతుక్కోండి.

ముందు పియానో సంగతి

పియానోలో సుమారు 230 తీగలుంటాయి. అన్నీ కలిసి లాగే బలం 18 టన్నుల దరిదాపుల్లో ఉంటుంది. దాన్ని మోసే పోత ఇనుప చట్రం పగిలినా, తీగల్ని బిగించే పిన్నులు చెక్కలో వదులై శ్రుతి నిలవకపోయినా ఆ పియానోని వదిలేయండి. ఎన్ని అయస్కాంతాలు పెట్టినా అది అపశ్రుతిని కచ్చితంగా వాయించే యంత్రమే అవుతుంది.

అంతకంటే కనిపించని జబ్బు మరొకటుంది. సుత్తీ జాకూ తిరిగే చిన్న ఇరుసుల చుట్టూ ఫెల్ట్ తొడుగులుంటాయి. తేమకి అవి ఉబ్బితే మెట్టు బద్ధకిస్తుంది. బాగా వాయించేవాళ్లకి ఆ తేడా తెలియను కూడా తెలియదు, వేలు దానంతటదే సర్దుకుపోతుంది. అయస్కాంతం సర్దుకుపోదు. సాధారణంగా మెట్టు దిగడానికి ముందు కొసన సుమారు 50 గ్రాముల బరువు చాలు. చిన్న చిన్న బరువులు పెట్టి 88 మెట్లనీ ఒక్కొక్కటిగా కొలిచి రాసుకోండి. పక్కపక్క మెట్లకి పెద్ద తేడా కనిపిస్తే అయస్కాంతాలు కొనే ముందు పియానో మెకానిక్‌ని పిలవడమే మంచిది. ఈ పని దాటేసినవాళ్లు తర్వాత ప్రోగ్రాం రాసుకుంటూ చెక్క తప్పుల్ని అంకెలతో దిద్దాలని చూస్తారు. అవి దిద్దుబాటుకి రావు.

అయస్కాంతం ఎక్కడ పెట్టాలి

సోలినాయిడ్ అంటే రాగి తీగ చుట్ట, మధ్యలో అటూ ఇటూ జారే ఇనుప కడ్డీ. కరెంటు పారితే కడ్డీ లోపలికి లాక్కుంటుంది. దాని కొసకి ఫెల్టో మెత్తటి రబ్బరో తొడిగితే అదే వేలు. వేలన్నాక మెట్టు ముందు భాగాన్ని పైనుంచి నొక్కాలని మొదట తడుతుంది. అలా చేస్తే పియానోని కొయ్యక్కర్లేదు, ఎప్పుడైనా తీసేయొచ్చు. కానీ మనిషి వాయించే చోటంతా పెట్టె ఆక్రమిస్తుంది, చూడ్డానికి కుట్టుమిషన్ ఎక్కించినట్టుంటుంది.

అందుకే ఎక్కువమంది వెనకనుంచి వస్తారు. మెట్టు ఆనుకున్న పిన్నుకి వెనకవైపు, కింద చెక్కబల్లలో సందు కోసి, అందులోంచి కడ్డీ పైకి తోసేట్టు పెడతారు. వెనక కొస లేస్తే ముందు కొస దానంతటదే దిగుతుంది. దెయ్యం వాయిస్తున్నట్టు మెట్లు కదలడం కనిపించేది ఇలాగే. వెనక కొస కదిలే దూరం తక్కువ, దానికి తగ్గట్టు బలం ఎక్కువ కావాలి. సోలినాయిడ్లకి తక్కువ దూరం కదలడమే ఇష్టం కాబట్టి ఈ బేరం మనకి లాభమే.

చిక్కు వెడల్పు దగ్గర వస్తుంది. ఒక స్థాయి, అంటే 12 మెట్లు, సుమారు 165 మిల్లీమీటర్లలో ఇమిడిపోతాయి. ఒక్కో మెట్టుకి దక్కేది 13.7 మిల్లీమీటర్లు. తగినంత బలమున్న సోలినాయిడ్ అంతకంటే లావే ఉంటుంది. కాబట్టి ఒకే వరసలో పట్టవు, రెండు మూడు వరసల్లో అటొకటి ఇటొకటిగా అమర్చాలి. అప్పుడు ఒక్కో వరస పిన్నునుంచి ఒక్కో దూరంలో ఉంటుంది, ఒకే కరెంటుకి ఒక్కో వరస ఒక్కో బలంతో తోస్తుంది. పైగా ఆ చెక్కబల్ల మెట్ల బరువంతా మోసేది. పొడవునా ఒకే గాటు పెడితే కుంగుతుంది. మెట్ల ఎత్తు మిల్లీమీటరు మారినా యాక్షన్ (మెట్టునుంచి సుత్తిదాకా ఉన్న యంత్రాంగం) అంతా మళ్లీ సరిచేసుకోవాలి. సందులు ముక్కలు ముక్కలుగా కోసి, కింద ఇనుప పట్టీ వేయడం మేలు. కిందకి దూరి పని చేసేటప్పుడు ఒక్క జాగ్రత్త: నిలువు పియానో బరువు దాదాపు అంతా వెనకే ఉంటుంది, 200 కిలోల పైమాటే. గోడకి కట్టకుండా ముట్టుకోవద్దు.

బలం ఎదురుతిరిగే చోటు

ఇక అసలు సంగతి. కడ్డీ దూరంగా ఉన్నప్పుడు సోలినాయిడ్ లాగే బలం తక్కువ. లోపలికి వస్తున్నకొద్దీ ఆ బలం పెరుగుతూ పోతుంది. మెట్టుది సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఆగి ఉన్నదాన్ని కదిలించడానికే ఎక్కువ బలం కావాలి, ఒకసారి కదిలాక తక్కువ చాలు. అంటే మెట్టు కదలడానికి సరిపడా కరెంటు ఇచ్చామంటే, కదిలిన తర్వాత అది అవసరానికి మించిపోతుంది. కడ్డీ పరుగందుకుంటుంది, సుత్తి ఫటేల్‌మని తగులుతుంది. కరెంటు తగ్గిస్తే మెట్టు కదలనే కదలదు. మెల్లగా వాయించడం కష్టమన్నది ఇందుకే.

దీనికి మందు రెండు చోట్ల ఉంది. కడ్డీ కొస శంఖువు ఆకారంలో ఉన్న సోలినాయిడ్లలో ఈ బలం పెరుగుదల కాస్త చదునుగా ఉంటుంది, వాటిని ఎంచుకోవడం ఒకటి. రెండోది, కరెంటుని ఒకే తీరున ఇవ్వకపోవడం. మొదటి కొన్ని మిల్లీసెకన్లు గట్టిగా ఇచ్చి మెట్టుని కదిలించాలి, వెంటనే తగ్గించి మెల్లగా నడిపించాలి, అడుక్కి చేరాక పట్టి ఉంచడానికి సరిపడా మాత్రమే వదిలేయాలి. బరువైన బండిని తోసేటప్పుడు మనం మనకి తెలియకుండానే చేసేది ఇదే.

కరెంటు ఎక్కువ తక్కువలు చేసేది పీడబ్ల్యూఎం పద్ధతితో, అంటే స్విచ్చిని అతివేగంగా వేసి ఆర్పుతూ. ఇందులో ఒక గొయ్యి ఉంది. ఒక్కో చిప్ 16 సోలినాయిడ్లని చూసుకుంటుందని చాలామంది పీసీఏ 9685 అనే చిప్ వాడతారు, ఆరు చిప్పులతో 88 అయిపోతాయి. కానీ అది గరిష్ఠంగా సెకనుకి సుమారు 1526 సార్లే స్విచ్చి వేసి ఆర్పగలదు. 1526 హెర్ట్జ్ అంటే పియానో మీదే ఉన్న ఒక స్వరానికి కాస్త అటూ ఇటూ. మెట్టు నొక్కి ఉంచినంతసేపూ లోపల ఈగ దూరినట్టు సన్నగా కూత వినిపిస్తుంది, అదీ అపశ్రుతిలో. 20,000 హెర్ట్జ్ దాటితే మన చెవికి అందదు. వేగంగా నడిపే వేరే చిప్ వాడడమే దీనికి దారి.

24 వోల్ట్ల సోలినాయిడ్ ఒక్కోటి ఒక ఆంపియర్ తాగుతుందనుకుంటే, 88కీ కలిపి 2,112 వాట్లు. భయపడక్కర్లేదు. రెండు చేతుల పాటలో ఒకేసారి నొక్కి ఉండేవి పది పన్నెండు. ఇరవై దాటనివ్వకుండా ప్రోగ్రాంలో హద్దు పెట్టుకుంటే 500 వాట్ల సప్లై సరిపోతుంది. నిజంగా భయపడాల్సింది వేడికి. ప్రోగ్రాం ఎక్కడో ఆగిపోయి ఒక చుట్టలో కరెంటు అలాగే పారుతూ ఉంటే, దాని చుట్టూ ఉన్నది ఎండిన చెక్క, ఫెల్ట్. కొన్ని సెకన్లు దాటితే ప్రోగ్రాంతో సంబంధం లేకుండా కరెంటు కోసేసే ఏర్పాటు, ప్రతి వరసకీ ఫ్యూజు తప్పనిసరి.

వేడికి ఇంకో మాయ ఉంది. రాగి ఒక్కో డిగ్రీ వేడెక్కితే దాని నిరోధం 0.39 శాతం పెరుగుతుంది. 50 డిగ్రీలు పెరిగితే ఇరవై శాతం. అదే వోల్టేజీకి అప్పుడు కరెంటు తగ్గుతుంది, సోలినాయిడ్ బలం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి దాదాపు మూడోవంతు పడిపోతుంది. సాయంత్రం మొదలుపెట్టినప్పుడు చక్కగా పలికిన మెత్తటి స్వరాలు గంట తర్వాత మాయమవుతాయి. తీగలూ చెక్కా అన్నీ బాగానే ఉంటాయి, ఎక్కడ వెతికినా తప్పు దొరకదు. వోల్టేజీని కాకుండా కరెంటునే స్థిరంగా ఉంచే డ్రైవర్ సర్క్యూట్ వాడితే ఈ బాధ తప్పుతుంది.

64 అంటే ఎంత?

పాటని పియానోకి చేరవేసేది మిడి. 1983 నుంచీ వాద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకునే భాష అది. పియానో మెట్లకి అందులో 21 నుంచి 108 దాకా నంబర్లు. ప్రతి స్వరంతో పాటు ఎంత విసురుగా నొక్కాలో 127 వరకు ఒక అంకె వస్తుంది. చిక్కేమిటంటే ఆ అంకెకి కొలత లేదు. 64 అంటే సెకనుకి ఇన్ని మీటర్ల వేగం అని ఎవరూ నిర్ణయించలేదు. మీ పియానోలో 64 అంటే ఏమిటో మీరే తేల్చాలి, అదీ 88 మెట్లకి వేరువేరుగా. మంద్రస్థాయి సుత్తులు బరువు, తారస్థాయివి తేలిక, పైగా పాత పియానోలో ఏ రెండు మెట్లూ ఒకలా ఉండవు.

పని ఇలా సాగుతుంది. ఒక మెట్టుని మధ్యస్థంగా కొట్టించి, కరెంటు కొంచెం కొంచెం తగ్గించుకుంటూ పోతారు. సుత్తి తీగకి అందని చోటు వస్తుంది. అక్కణ్ణించి కరెంటుని ఒకటి రెండు అంచెలు పెంచితే, పదిసార్లు కొడితే పదిసార్లూ పలికే కనీస విలువ దొరుకుతుంది. అటు పైవైపు, కరెంటు పెంచినా శబ్దం పెరగక చెక్క చప్పుడు మాత్రమే పెరిగే చోటు ఇంకో హద్దు. ఈ రెంటి మధ్యా మైకు పెట్టి ఎంత కరెంటుకి ఎంత శబ్దమో కొలిచి పట్టిక రాస్తారు. ఇదంతా ప్రోగ్రాంకే అప్పగించొచ్చు, రాత్రంతా ఒక్కో మెట్టూ టింగ్ టింగ్‌మంటూ తనని తాను కొలుచుకుంటుంది. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి పెట్టుకోండి.

వేగంతో పాటు సమయం కూడా మారుతుందన్నది చాలామందికి ఆలస్యంగా తట్టే సంగతి. గట్టిగా కొట్టిన సుత్తి సుమారు 30 మిల్లీసెకన్లలో తీగని చేరితే, మెల్లగా తోసినదానికి 150 దాటొచ్చు. ఎడమ చేతి తోడు మెత్తగా, కుడి చేతి రాగం గట్టిగా ఉన్న పాటలో రెంటికీ ఒకేసారి కరెంటు ఇస్తే ఎడమ చెయ్యి ఎప్పుడూ వెనకబడే ఉంటుంది. అందుకని మొత్తం పాటనే అర సెకను ఆలస్యంగా నడుపుతారు. ఏ స్వరం ఎంత మెల్లనిదో ముందే తెలుసు కాబట్టి, మెల్లని దాన్ని ముందుగానే బయల్దేరదీస్తారు. తనంతట తాను వాయించుకునే యమహా పియానో డిస్క్‌లావియర్ చేసేదీ ఇదే, అందులో ఆ జాగు 500 మిల్లీసెకన్లు. ఖరీదైన వాటిలో మెట్టు ఎలా కదులుతోందో సెన్సర్లు చూస్తూ అప్పటికప్పుడు దిద్దుతుంటాయి. మన పాత పియానోకి పట్టికే దిక్కు.

వెంటవెంటనే అదే స్వరం కొట్టమన్నప్పుడు నిలువు పియానో మొరాయిస్తుంది. గ్రాండ్ పియానోకి 1821లో పియానో తయారీదారు ఎరార్ తెచ్చిన రెండో ఏర్పాటువల్ల మెట్టు పూర్తిగా లేవకముందే మళ్లీ కొట్టొచ్చు. నిలువు దాంట్లో అది లేదు, జాక్ తన చోటికి తిరిగి రావాలంటే మెట్టు దాదాపు పైకి రావాలి. కాబట్టి రెండు కొట్టుళ్ల మధ్య ఖాళీని ప్రోగ్రాం బలవంతంగా కల్పించాలి. కరెంటు ఆపగానే చుట్టలో పుట్టే ఎదురు వోల్టేజీ కోసం పెట్టే మామూలు డయోడ్ కూడా కడ్డీని ఒక క్షణం అంటిపెట్టుకునే ఉంచుతుంది. దానికి జీనర్ డయోడ్ జోడిస్తే తొందరగా వదిలేస్తుంది.

పెడల్ గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే ఇందులో చిక్కు తక్కువ, నిర్లక్ష్యం ఎక్కువ. కుడి పెడల్ తొక్కితే తీగల మోతని ఆపే డాంపర్లన్నీ ఒకేసారి లేస్తాయి, దానికి మెట్టుకంటే ఎన్నో రెట్లు బలం కావాలి. చిన్న సోలినాయిడ్ చాలదు, పెద్దది పెడితే దబ్‌మని మోగుతుంది. చప్పుడు లేకుండా నడిచే మోటారు మేలు. పెడల్ లేకుండా వదిలేస్తే మాత్రం ఎంత బాగా కొలిచిన పియానో అయినా పొడిపొడిగా, నత్తినత్తిగా వాయిస్తుంది.

ఇంత చేశాక దానికి ఏం తినిపిస్తారన్నది కూడా ముఖ్యమే. దొరికే మిడి ఫైళ్లలో చాలావాటిలో అన్ని స్వరాలకీ ఒకటే అంకె, గీత గీసినట్టు ఒకటే లయ. మనిషి వాయించగా రికార్డయిన వాటిని వెతుక్కోండి. డిస్క్‌లావియర్ మీద జరిగిన పోటీల్లోంచి తీసి 2018లో విడుదల చేసిన మాయెస్ట్రో సంకలనంలో పెడల్ కదలికలతో సహా సుమారు 200 గంటల వాయిద్యం ఉంది.

ముందు మూత తీసి ఉంచి, పాట కాకుండా, ఒక పరీక్ష పెట్టండి. మధ్యస్థాయిలో మూడు స్వరాలు కలిపి, పట్టికలోని కనీస విలువ దగ్గర, ఒకేసారి. మూడూ వినిపించాలి, మూడూ ఒకే క్షణంలో వినిపించాలి. తర్వాత గంటసేపు ఏదైనా జోరు పాట పెట్టి సోలినాయిడ్లని బాగా వేడెక్కనివ్వండి. ఆపి, మళ్లీ అవే మూడు కొట్టించండి. రెండే పలికితే పట్టిక దగ్గరికి తిరిగి వెళ్లాలి. మూడూ పలికితే మూత బిగించుకోవచ్చు, గాలిలో తేమ మారేదాకా.